కొక్కెం చిల్లు

వేట నిషేధం పడిన పన్నెండో రోజు
బోటును ఇసక మీద పక్కకి వాల్చి, కింద టైర్లు దోపి,
కాలేషా మేస్త్రి చిన్న సుత్తితో
వెనక పలక మీద కొట్టుకుంటా పోయాడు,
పుచ్చకాయ కొనేవాడిలా చెవి వంచి.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.
ఇంజను బిగించే చోటికి వచ్చేసరికి
దబ్.
తడిసిన గోనెసంచిని కొట్టినట్టు.
సుద్దముక్కతో అక్కడ గీత గీశాడు.
గీత పెద్దదవతా పోయింది.
తుమ్మలపెంట వడగాలిలో
అది ఎక్కడ ఆగుద్దా అని చూస్తా నిలబడ్డాం,
నేనూ, నా వాటాదారు పామంజి పోలేరయ్యా.

పైన చూస్తే ఏమీ లేదు.
నీలం రంగు, తెల్ల చార, నంబరు,
నిరుడు పోలేరమ్మ కొలుపుకి పూసిన పసుపు.
లోపల కొయ్య ఉందన్న సంగతే మరిచిపోయాం.
అమ్మినాయన చెప్పిందీ అదే:
"ఇదేమన్నా కొయ్యా అబ్బయా, పుచ్చేదానికి!"

మాఘం నించీ ఇంజను వణకతానే ఉన్నింది.
ప్రతి పొద్దునా పోలేరయ్య పానా పట్టుకొని
బోల్టును ఒక చుట్టు తిప్పేవాడు.
బిగిసింది, అనేవాడు.
బిగిసింది, అనేవాణ్ణి నేనూ.
అది దిగబడతా ఉన్నింది,
కొయ్యలోకి కాదు,
కొయ్య ఉండాల్సిన చోట్లోకి.

మిషనుతో ఫైబరు తోలు ఒలిచినాక
ముందు వాసనొచ్చింది,
నానబెట్టి మరిచిపోయిన చింతపండు వాసన.
తర్వాత నీళ్ళు, డికాషన్ రంగువి,
ఏ కానాగంతల కాలం నాటివో.
తర్వాత ప్లైవుడ్డు,
చేత్తో లాగితే పొరలు పొరలుగా, నానిన బీడీ కట్టలా.
కాలేషా పిడికెడు తీసి పిండాడు.
నీళ్ళు కారాయి. ఏమీ అనలేదు.

మా నాయన తెప్ప గుర్తొచ్చింది.
రోజూ మునిగేది. రోజూ ఒడ్డుకొచ్చి
తాళ్ళు విప్పుకొని, దుంగకి దుంగ ఎడంగా
ఇసక మీద పండుకొని ఎండేది.
దాన్నెవరూ గాజుగుడ్డలో చుట్టి
గాలాడకుండా కుట్టలేదు.

అప్పుడడిగాడు కాలేషా:
"ఈ చిల్లు ఎవరేసింది?"
చిటికెనవేలు పట్టని చిల్లు.
లోపలి వైపు, అంచుకి జానెడు కింద.
చుట్టూ నలుపు, అగరొత్తితో కాల్చినట్టు.
తడంతా అక్కణ్ణించే
వేరు దిగినట్టు దిగింది.

ఎవరేసిందో నాకు తెలుసు.
నాలుగేళ్ళ కిందట, అద్దె డ్రిల్లుతో,
క్యారేజీలు తగిలించే కొక్కేనికి.
అల తగిలి కవ్వల పులుసు బోటంతా పారిన మర్నాడు.
స్క్రూ చుట్టూ ఇంత సీలెంటు అద్దితే సరిపొయ్యేది.
"రేపు చూద్దాంలే" అన్నది నేనే.

నోరు తెరిచేలోపు
పోలేరయ్య సముద్రం వైపు తిరిగి,
"పాతది మేస్త్రీ, కొన్నప్పుడే ఉన్నింది" అన్నాడు.
నాలుగేళ్ళు తన క్యారేజీ కూడా
ఆ కొక్కేనికే ఊగింది.

పదకొండు రోజులు పట్టింది.
గోకడం, ఆరబెట్టడం, మళ్ళీ ఆరబెట్టడం.
కావలి నించి తెచ్చిన మెరైన్ ప్లై,
దాని అంచులకి కూడా తాగినంత రెసిన్.
మే ఎండకి రెసిన్ ఆగదు,
చుక్క హార్డెనర్ ఎక్కువైతే
డబ్బాలోనే పొగ కక్కి గడ్డకడద్ది.
అందుకని తెల్లారుజామున ఫోన్ లైట్లో కలిపాం.
గాజు పొడి మెడ మీద, మోచేతి మడతల్లో.
కొబ్బరినూనె రాసుకున్నా రాత్రంతా గోకుడే.
చెంచమ్మ నాకు వేరే మంచం వేసింది.
నిద్ర రానిది దురదకేనా అంటే
ఏం చెప్పను.

పద్దెనిమిది వేల నాలుగొందలు ఖర్చు.
నా వంతు ఎక్కువేస్తానన్నా.
పోలేరయ్య విననట్టే వల కుట్టుకుంటా కూర్చున్నాడు.

జూన్ పదిహేను, చీకటితో బోటు దించాం.
అంతకు ముందే కాలేషా సుత్తి
ఈ చివర నించి ఆ చివరకి ఠంగ్‌మంటా పోయింది.
నీళ్ళలో ఇంజను వణకలేదు.
కొక్కెం లేదు.
పోలేరయ్య తన క్యారేజీని
రెండు పాదాల మధ్య ఇరికించుకొని
నాది కూడా ఇటియ్యమని
చెయ్యి చాపాడు.